ఆవకాయ సాక్షిగా

కిందటి వేసవిలో మా అమ్మ ఆవకాయ పెడుతుంటే ఫోన్‌తో వీడియో తీసి డల్లాస్‌లో ఉన్న మా అక్కకి పంపాను. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది. అయినా పావుగంటలో ఫోన్ మోగింది. ఉప్పెంత, ఆవపిండెంత అని అడుగుతుందనుకుని, అమ్మ చెప్పిన కొలతలు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకున్నాను.

"ఒరేయ్, అమ్మకి ఒంట్లో బాగోలేదా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?" అంది.

దాయడానికేముంది? అమ్మ ఆ క్షణాన జాడీకి వాసెన కట్టేసి, కూరలబండి అతనితో బెండకాయలు ముదిరిపోయాయని తగువు పెట్టుకుని ఉంది. ఆ గొంతు అక్కకీ వినపడే ఉంటుంది. "అరుపులకేంలే, మొహం చూడు. చుక్క నెత్తురు లేదు. పెదాలు చూడు ఎలా ఉన్నాయో," అంది.

వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను. అక్క మాటలో అబద్ధం లేదు. తెరమీద ఉన్న చీర అమ్మది, బేసిన్‌లో చెయ్యి తిప్పే తీరు అమ్మది. మొహం మాత్రం నెల్లాళ్లు టైఫాయిడ్‌తో మంచాన పడి లేచిన మనిషిది. చెంపల మీద బూడిద, గడ్డం కింద పాచిపచ్చ. మా అమ్మది చామనచాయ. ముదురుపాకం పట్టిన బెల్లం అనుకోండి, నేతిలో దోరగా వేగిన గోధుమరవ్వ అనుకోండి. ఆ వీడియోలో అది తడిసిన సిమెంటు.

మన ఇళ్లలో మొహం రంగు అందచందాల సంగతి తరవాత, ముందది కబురు. భయపడితే తెల్లబోతుంది. కోపమొస్తే జేవురిస్తుంది, జేగురు రాయి ఎరుపు అందులో ఉంది. ఎండనపడి వస్తే కందుతుంది, కామెర్లొస్తే పచ్చబడుతుంది, మాట పడితే మాడిపోతుంది. సెలవులకి వచ్చిన పిల్లని "నల్లబడ్డావేమే" అనకుండా గుమ్మం దాటనిచ్చే ఇల్లు మా తెనాలిలో నేను చూడలేదు. ఆ మాటలో ఎక్కడ తిరిగావు, ఏం తిన్నావు, హాస్టల్లో సరిగ్గా చూసుకుంటున్నారా అనే ప్రశ్నలన్నీ ఉంటాయి. ఇన్ని సంగతులు చెప్పే మొహాన్ని ఫోన్ రంగు తప్పి చూపించిందంటే ఉత్తరం తప్పు రాసినట్టే. అక్కకి చేరినది ఆవకాయ వీడియో కాదు, అమ్మ మంచాన పడిందన్న వార్త.

తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలని వీడియోని నిదానంగా చూశాను. మొదటి మూడు నిమిషాలు అమ్మ అమ్మలాగే ఉంది. మామిడి ముక్కల్లో జీడి తీసేసి, టెంకకి అంటుకున్న పొర గీకి, పొడిగుడ్డతో తుడుస్తోంది. నాలుగో నిమిషంలో బేసిన్‌లోకి కారం గుమ్మరించింది. ఆ ఎరుపు చూసి నాకు ఉత్సాహం వచ్చి ఫోన్ దగ్గరికి జరిపాను. తెరలో సగానికిపైగా కారమే. రెండు క్షణాలు గడిచాయి. ఆ తరవాత అమ్మ మొహంలోంచి ఎరుపు మెల్లగా దిగిపోవడం కనిపించింది, జాడీలోంచి నూనె ఒంపేసినట్టు. ముందు పెదాలు, తరవాత చెంపలు, చివరికి చెవులు.

మా మేనల్లుడు హైదరాబాదులో వీడియోలకి రంగులు దిద్దే పని చేస్తాడు. వాడికి ఫోన్ చేశాను. అంతా విని నవ్వాడు. "మామయ్యా, అమ్మమ్మ నెత్తురు తాగింది ఆవకాయే," అన్నాడు.

వాడు చెప్పింది ఇది. కెమెరాకి ఏది తెలుపో తెలియదు. తెలియదు గనక ఊహిస్తుంది. ఆ ఊహకి ఒక పాత లెక్క ఆధారం: ఏ దృశ్యంలోనైనా ఉన్న రంగులన్నీ కలిపి రుబ్బితే చివరికి బూడిదరంగు తేలుతుందని. ఇప్పటి ఫోన్లు ఇంకా కొన్ని తెలివితేటలు కలుపుకున్నా మూలం అదే. పెరడు, వీధి, పదిమంది కూర్చున్న హాలు, వీటికి ఆ లెక్క సరిపోతుంది. గుంటూరు కారం తెరనిండా పరిచేసరికి దానికి మతిపోయింది. ఇంత ఎరుపు సహజంగా ఉండదు, ఇది దీపంలో కలిసిన ఎరుపే అయ్యుంటుందనుకుని, విరుగుడుగా ఎదురు రంగు కలిపింది. కారంలో ఎరుపు దండిగా ఉంది గనక కాస్త పోయినా ఎర్రగానే నిలిచింది. అమ్మ మొహంలో ఉన్నదే కొంచెం. అది కాస్తా పోయింది.

మన కన్నూ ఇలాంటి సర్దుబాటు చేస్తుంది గాని దానికి జ్ఞాపకం తోడు. నాన్న పంచె ఎండలోనూ తెల్లగానే ఉంటుంది, రాత్రి గుడ్డిదీపం కిందా తెల్లగానే ఉంటుంది. నిజానికి ఆ రెండు వెలుగులకీ బొత్తిగా పొంతన లేదు. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. దీపపు వత్తి వెలుగు 1900 దగ్గర ఉంటుంది, పాత గుండుబల్బు 2700 దగ్గర, నడిమధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, మన ఇళ్లలో తెల్లగా వెలిగే ట్యూబులైటు 6500 దగ్గర. అంకె పెరిగినకొద్దీ వెలుగు నీలం తిరుగుతుంది. మా వంటింట్లో ఆ పూట ఇవన్నీ ఒక్కచోట చేరాయి. ఒక పక్క కిటికీలోంచి ఎండ, నెత్తిన ట్యూబులైటు, దేవుడి గూట్లో పసుపు బల్బు. వీటికి తోడు పిస్తా రంగు గోడ. గోడ ఊరికే ఉండదు, తన మీద పడ్డ వెలుగుకి తన రంగు పూసి మొహం మీదికి విసురుతుంది. అమ్మ కట్టుకున్నది ఆకుపచ్చ చీర. గడ్డం కింద పాచి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఇప్పటి ఎల్‌ఈడీ ట్యూబులైటు మీద మావాడికి ప్రత్యేకంగా కోపం. ఎల్‌ఈడీలో పుట్టేది తెల్లటి వెలుగు కాదట. నీలం వెలుగునిచ్చే చిన్న బిళ్ల మీద పసుప్పచ్చ పూత ఉంటుంది; రెండూ కలిసి మన కంటికి తెలుపనిపిస్తాయి. చవక రకాల్లో ఎరుపు అరకొరగా ఉంటుంది. ఏ దీపం రంగుల్ని ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పడానికి సీఆర్‌ఐ అని నూటికి వేసే మార్కులున్నాయి. ఎనభై వస్తే మనం సంతోషిస్తాం. అయితే ఆ మార్కులు ఎనిమిది లేతరంగు నమూనాల మీద వేస్తారు. తొమ్మిదోది ముదురెరుపు, అది లెక్కలోకి రాదు. ఎనిమిది సబ్జెక్టుల్లో గట్టెక్కిన బల్బు తొమ్మిదోదాంట్లో సున్నా తెచ్చుకున్నా, సున్నా కిందికి దిగినా ఆ ఎనభై చెక్కుచెదరదు. ఆ తొమ్మిదో రంగు ఇంచుమించు మా ఆవకాయది. చర్మం కింద పారే నెత్తురుదీ అదే కోవ.

ఇది విన్నాక నాకు అమ్మ అలవాటు ఒకటి గుర్తొచ్చింది. బజార్లో కారం కొనేటప్పుడు కొట్టు లోపల చూడదు. గుప్పెడు కాగితంలో పోయించుకుని అరుగు మీదికొచ్చి పగటి వెలుగులో చూస్తుంది. చీరైనా అంతే. పూర్వం పెళ్లిచూపుల్లో కూడా పిల్లని పగలే, కాస్త వాకిలి దగ్గరగా కూర్చోబెట్టమనే పెద్దమ్మలుండేవారు. కారాన్ని వెలవెలపోగొట్టే దీపం మనిషినీ వెలవెలపోగొడుతుందని వాళ్లకి ఏ మార్కుల పట్టీ చెప్పలేదు.

మూడోనాడు ఆవకాయ తిరగకలిపే రోజు. ఈసారి పకడ్బందీగా తియ్యాలని, పక్కింట్లో రీల్సు చేసే అమ్మాయి దగ్గర గుండ్రటి రింగులైటు అరువు తెచ్చాను. ఆ పిల్లే ఫోన్‌లో ఏవో నొక్కి, "ఇప్పుడు బాగా వస్తుందంకుల్," అని చెప్పి వెళ్లింది. బాగానే వచ్చింది. అమ్మ మొహాన ముడతల్లేవు. కళ్ల కింద నీడల్లేవు. ముక్కుపుడక చుట్టూ ఉండే చిన్న గుంట కూడా పూడిపోయింది. చాయ చూస్తే మైదాపిండి.

అక్క ఈసారి ఫోన్ చెయ్యలేదు, ఒక్క ముక్క రాసింది: "ఆవిడెవరోగాని బాగున్నారు. అమ్మని పంపు."

నాన్న కూడా పెదవి విరిచాడు. కుర్రతనంలో ఊళ్ల వెంట నాటకాలు చూస్తూ తిరిగిన మనిషి. "దీపం చూసుకుని రంగు వెయ్యాలిరా," అన్నాడు. కాగడాల కాలంలో వీధినాటకాల వాళ్లు మొహానికి అర్దళం పూసేవారు. ఎండలో చూస్తే అది పసుప్పచ్చగా వికారంగా ఉండేది. కాగడా ఎరుపులో అదే పచ్చటి మేనిచాయై మెరిసేది. పెట్రోమాక్స్ లైట్లు వచ్చాక ఆ తెల్లటి వెలుగులో మొహాలు పాలిపోయి, చెంపలకి ఎరుపు దట్టించాల్సి వచ్చింది. వేషగాడు అద్దంలో మొహం చూసుకున్నా, మనసులో దీపం చూసుకునేవాడన్నమాట. నాకు అదే చేతకాలేదు.

ఇంతమంది ఇన్ని అన్నాక అమ్మకీ చూపించాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది. ఆవకాయ సంగతి ఎత్తలేదు.

"ఇదే బాగుందిరా. తెల్లగా వచ్చాను," అంది.

డెబ్బై దాటిన మనిషి గొంతులో ఆ సిగ్గు నేనెన్నడూ వినలేదు. నవ్వొచ్చింది, ఆ వెనకే గొంతులో ఏదో అడ్డుపడింది.

మా హాల్లో గోడకి అమ్మ పెళ్లికి ముందు తీయించిన ఫోటో ఉంది. 1974. మగపెళ్లివారికి పంపడానికి మా తాతయ్య ఊళ్లోని స్టూడియోకి తీసుకెళ్లి తీయించాడు. ఆ రోజుల్లో 'టచింగ్' అని ఉండేది. స్టూడియో ఆయన నెగటివ్‌ని అద్దంబల్ల మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీద సన్నసన్నగా గీసేవాడు. నెగటివ్‌లో అంతా తారుమారు గనక, అక్కడ నల్లగా గీసినకొద్దీ ఫోటోలో తెల్లగా వస్తుంది. అంటే పిల్లని తెల్లగా చెయ్యడానికి ఆయన గంటసేపు కూర్చుని నల్లరంగు పూశాడు. ఆ ఫోటో చూసుకుని వచ్చిన మా నాన్న మేనత్త, పెళ్లిచూపుల్లో అందరూ వింటుండగా, "ఫోటోలో ఇంకాస్త రంగుందే! పోన్లే, నలుపైనా కళగల పిల్ల," అందట.

ఆ 'పోన్లే'ని, ఆ 'అయినా'ని అమ్మ యాభయ్యేళ్లుగా మోస్తోంది. ఎవర్నీ ఏమీ అనలేదు. నలుపు నారాయణుడు మెచ్చు అనే సామెత మనకి ఉండనే ఉంది. నారాయణుడు మెచ్చిన సంగతి మళ్లీ మళ్లీ గుర్తుచెయ్యాల్సి వచ్చిందంటే మనుషులు మెచ్చలేదనే కదా అర్థం. ఇప్పుడు పక్కింటమ్మాయి ఫోన్‌లో నొక్కిన మీట ఆ పాత పెన్సిలే. తేడా అల్లా, స్టూడియో ఆయనకి గంట పట్టింది, దీనికి రెప్పపాటు. ఆయన టచింగుకి డబ్బు తీసుకున్నాడు, ఫోన్ అడక్కుండానే చేసిపెట్టింది.

తెనాలి స్టూడియో ఆయన్ని ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. ఆయన చేతిలోని విద్యకి మేనమామలు సముద్రాల అవతల ఉన్నారు. 1950లనుంచి కోడక్ కంపెనీ ఫోటోలు కడిగే ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి అమ్మాయి. మొదటి కార్డుకి కూర్చున్న ఆవిడ పేరు షర్లీ, తరవాత ఎవరు కూర్చున్నా అవి షర్లీ కార్డులే. ఆ చాయ సరిగ్గా వస్తే రంగులన్నీ కుదిరినట్టు లెక్క. ముదురు చాయల్లో ఉండే తేడాలు ఆ ఫిల్ముకి సరిగ్గా పట్టేవి కావు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో రాసిన వ్యాసం ప్రకారం, గోధుమరంగుల్ని ఫిల్ము మెరుగ్గా చూపేలా కంపెనీని కదిలించినవాళ్లలో ముఖ్యులు చాక్లెట్ల వ్యాపారులు, చెక్కసామాను తయారీదార్లు. పాల చాక్లెట్టుకీ నల్ల చాక్లెట్టుకీ ఫోటోలో తేడా తెలియడం లేదని ఒకరు, ఫలానా కర్రకీ ఫలానా కర్రకీ తేడా తెలియడం లేదని ఇంకొకరు. కుర్చీ చాయ కోసం కంపెనీ తలుపు తట్టినవాళ్లున్నారు. అందులో కూర్చున్న మనిషి తన ఫోటో చూసుకుని, తప్పు తన మొహానిదే అనుకుని ఊరుకున్నాడు.

నలుపు-తెలుపు సినిమాల రోజులే నయమేమో అనిపిస్తుంది ఒక్కోసారి. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ వెన్నెల్లో చూపించిన సావిత్రి ఏ రంగులో ఉందని ఎవరూ అడగలేదు. బూడిదరంగు మొహానికి ఎవరి చాయ వాళ్లు పూసుకున్నారు. ఆమెలో మా పిన్నిని చూసుకున్నాను నేను. 2010లో ఆ సినిమాకి రంగులద్దారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో ఒకరు ఇదీ శశిరేఖ చాయ అని తేల్చాల్సి వచ్చింది. ఆ పని చేసినవాళ్లని తప్పుపట్టను. ఆ క్షణాన వాళ్ల చెయ్యి ఏ మొహాన్ని తలుచుకుని కదిలిందో తెలుసుకోవాలని మాత్రం ఉంటుంది.

సహజమైన చాయంటే ఏమిటో అంకెల్లో చూద్దామని కూడా కూర్చున్నాను. హార్వర్డ్‌లో పనిచేసే ఎల్లిస్ మాంక్ అనే సామాజిక శాస్త్రవేత్త రూపొందించిన పది చాయల కొలబద్దని 2022లో గూగుల్ బయటపెట్టింది. ఆ పది మెట్లలో అమ్మది ఏ మెట్టో చూద్దామని ఫోన్ పక్కన పెట్టి పోల్చాను. చెంప ఆరు. మోచెయ్యి ఏడు. అరచెయ్యి మూడు. పట్టీల కింద ఎండ తగలని చోటు అయిదు. కొలిచి కొలిచి, "నేనేమన్నా పట్టుచీరనా, రంగు చూసి బేరమాడతావు?" అని అమ్మ కసిరితే మానేశాను. ఒక మనిషే అన్ని మెట్లమీద నిలబడి ఉంటే, ఏ మెట్టుని పట్టుకుని ఇదీ రంగు అనేది?

జూన్ మొదటివారంలో మేనల్లుడు తెనాలి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి ఒక గుండ్రటి చట్రం చూపించాడు. వెక్టర్‌స్కోప్ అంటారట. చూడ్డానికి గడియారం పళ్లెంలా ఉంది. బొమ్మలో ఉన్న రంగులన్నీ అందులో చుక్కలై పడతాయి. ఏ దిక్కున పడితే ఆ రంగు, నడిమి నుంచి ఎంత దూరం జరిగితే అంత గాఢం. ఎరుపు దిక్కుకీ పసుపు దిక్కుకీ మధ్య, గడియారంలో పదకొండు అంకె ఉండే వైపు, ఒక సన్నటి గీత ఉంది.

"ఇది మనిషి గీత మామయ్యా," అన్నాడు.

ముందు తన నుదురు ఒక్కటే కత్తిరించి చూపించాడు. చుక్కలు ఆ గీత చుట్టూ మూగాయి. తరవాత నా నుదురు. తరవాత మొదటి వీడియోలో కారం పడకముందు ఉన్న అమ్మ నుదురు. చివరికి, వాడు పనిచేస్తున్న ఒక పెళ్లి వీడియోలోంచి పాలలాంటి తెల్లటి విదేశీ అతిథి ఒకాయన. నాలుగూ అదే గీత దగ్గర, బెల్లం ముక్కకి చేరిన చీమల్లా. కొంచెం అటూ ఇటూ అంతే. మనిషి చర్మానికి రంగునిచ్చేవి ముఖ్యంగా రెండు: పైపొరలో గోధుమరంగు మెలనిన్, దాని కింద ఎర్రటి నెత్తురు. ఆ పాళ్లు మనిషిమనిషికీ మారతాయి, దిక్కు మారదు. మరి తెలుపు నలుపులేవిరా అన్నాను. "అవి ఈ పళ్లెంలో ఉండవు. అది రంగు కాదు మామయ్యా, ఎంత వెలుగు తిరిగొస్తుందన్న లెక్క. దానికి వేరే పటం."

వర్ణం అంటే రంగూ అవుతుంది, కులమూ అవుతుందని చెప్పే భాషలో పుట్టినవాణ్ణి నేను. ఆ గీత వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. రంగు విషయంలో మనుషులంతా ఒకే వీధిలో కాపురముంటున్నారు. మనం పెళ్లిళ్లు తప్పగొట్టినదీ, క్రీములు కొన్నదీ, 'అయినా' అన్నదీ అంతా వెలుగు కాస్త ఎక్కువ తిరిగొచ్చిందా తక్కువ తిరిగొచ్చిందా అన్నదాని మీద.

డల్లాస్ వెళ్తున్న తెలిసినవాళ్లు ఒక జాడీ పట్టుకెళ్తామన్నారు గనక అమ్మ రెండో విడత ఆవకాయకి దిగింది. ఈసారి వంటిల్లు వదిలేసి ఉత్తరపు వసారాలో పీట వేశాం. లోపలి దీపాలన్నీ ఆర్పేశాం. వెనక పిస్తాగోడ లేకుండా పాత టేకు తలుపు వచ్చేలా చూశాం. కిటికీకి నాన్న పంచె కట్టబోతే మేనల్లుడు ఆపాడు. దానికి నీలిమందు పెట్టి ఉంది, ఆ నీలం అమ్మమ్మ మొహానికెక్కుతుంది అన్నాడు. ఉతికి ఉతికి నీలం పోయిన ముతక పంచె ఒకటి వెతికి కట్టాం. ఎండ అందులోంచి వడగట్టిన మజ్జిగలా దిగింది. అమ్మ ఆకుపచ్చ చీర మార్చమంటే, "ఆవకాయకి అలంకారాలా?" అని విసుక్కుంటూనే మట్టిరంగు నేతచీర కట్టుకుంది.

కెమెరాకి తెలుపు మనమే చూపించాలి. తెల్లకాగితం తెచ్చాను. అదీ పనికిరాదన్నాడు, మిల్లుకాగితం తళతళలాడడానికి కలిపేవాటివల్ల దానికీ నీలపు దొంగబుద్ధి ఉంటుందట. బూడిదరంగు కార్డు బ్యాగులో తెచ్చుకోలేదు. చుట్టూ చూసి, బేసిన్‌లో అమ్మ పోసిన ఉప్పు మీద ఫోన్ పెట్టాడు. "ఇదీ తెలుపు," అని నొక్కి, అక్కడే బిగించేశాడు. ఇక కారం పడినా ఫోన్ బెదరదు. ఉప్పు, ఆవపిండి, కారం, ముక్కలు. తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. సినిమావాళ్లు డబ్బు పోసి కొనుక్కునే రంగుల పలక బేసిన్‌లో సిద్ధంగా ఉంది.

వెలుగు మోతాదు పెట్టేటప్పుడు మాత్రం వాడి వేలు ఆగింది. "మొహం కాస్త లేపుదామా మామయ్యా? కొంచెమే."

నాకూ లేపాలనిపించింది. అబద్ధమెందుకు, నా కంటికీ లేపితేనే 'బాగున్నట్టు' అనిపించింది. ఆ పెన్సిలు నా చేతిలో కూడా ఉందని అప్పుడు తెలిసింది. "వద్దు. ఉప్పు గింజలు గింజలుగా కనపడుతున్నాయి కదా, అక్కడే ఉంచు," అన్నాను. "ముక్కలు నీరుకారిపోతున్నాయి, మీ ముచ్చట్లు తెమలవా?" అని అమ్మ.

ఆదివారం కూర్చుని వాడు తుదిమెరుగులు దిద్దుతున్నాడు. చట్రంలో అమ్మ చెంప చుక్కలు గీత దగ్గర లేవు. ఒక పక్కకి, పసుపు వైపుకి జరిగి ఉన్నాయి. "ఎక్కడో తప్పు పోయింది. ఇలా పంపితే పెద్దమ్మ ఈసారి కామెర్లంటుంది," అని సరిచెయ్యబోయాడు.

నేను తెరకి దగ్గరగా వంగాను. ఉప్పు తెల్లగా ఉంది. అమ్మ కనుగుడ్లు తెల్లగా ఉన్నాయి. కారం ఎర్రగా, ముక్క పచ్చగా ఉంది. పచ్చదనం చెంపల మీదే ఉంది. చెవి తమ్మె దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది, మెడ మీద అసలు లేదు. అమ్మ శుక్రవారం తలస్నానం చేసి మొహానికి పసుపు రాసుకుంటుంది. తొందరలో చెవుల దాకా పోదు.

"దాన్ని ముట్టుకోకు. అది పసుపురా," అన్నాను.

వాడు ఒకసారి అమ్మమ్మ వైపు, ఒకసారి గీత వైపు చూసి చెయ్యి తీసేశాడు. గీత అబద్ధం చెప్పలేదు. అది మనిషి గీత, మా అమ్మ గీత కాదు. ఆ కాస్త తేడా తెలిసేది ఆ మొహాన్ని రోజూ చూసినవాళ్లకే.

వీడియో పంపాం. అక్క మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోన్ చేసింది. నేను గుండె చిక్కబట్టుకుని స్పీకర్ నొక్కాను.

"ఇది శుక్రవారం తీశారు కదూ?" అంది.

"ఎలా తెలుసే?"

"మొహాన పసుపుందిగా. చెవుల దగ్గర వదిలేసింది, ఎప్పట్లాగే." తరవాత కాసేపు అటునుంచి మాట రాలేదు. "కారం కూడా మనింటి ఎరుపే," అని పెట్టేసింది.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమంటోందది అని అడిగింది. చెప్పాను. చెవి తమ్మెని ఒకసారి వేలితో తడుముకుంది. మళ్లీ వీడియో పెట్టమని, తెరమీది తన మొహాన్ని ఈసారి కళ్లజోడు లేకుండానే చూసింది. తెల్లగా రాలేదని అనలేదు. బాగుందని కూడా అనలేదు.

"అది సరేగాని, ఉప్పెంతో రాసుకుందా?" అంది.